ఎవరైనా రాకపోతే

ఆ పెద్దాసుపత్రి వరండాలో ఒక గోడ గడియారం ఉంది. దాని ఎదురుగా పొడుగాటి బల్ల, బల్ల పక్కన డయాలసిస్ గది తలుపు. చూడదగ్గ వింతలంటూ అక్కడేమీ లేవు గానీ, ఆ బల్ల మీద కూర్చున్నవాళ్లు గడియారం వైపు చూసే చూపు మాత్రం మరెక్కడా కనిపించదు.

సంగతేమిటంటే, లోపల మంచాలన్నిటికీ మనుషులు ఖాయంగా ఉన్నారు. ఎవరి రోజులు వాళ్లవి, ఎవరి మంచం వాళ్లది. మూత్రపిండాలు మానేసిన పనిని మిషన్ చేసిపెడుతుంది. నాలుగు గంటలు పడుకుంటే ఒంట్లో పేరుకున్న నీరూ మలినమూ పోయి మనిషి మళ్లీ మనిషవుతాడు. మంచం దొరకనివాళ్లు బయట బల్ల మీద కాచుకోవాలి. "ఎవరైనా రాకపోతే పిలుస్తాం" అంటుంది సిస్టర్. ఎవరైనా ఎందుకు రారు? ఏ ఊరో వెళ్లుంటారు, ఏ జ్వరమో వచ్చుంటుంది అని కొత్తగా వచ్చినవాళ్లు అనుకుంటారు. వారానికి రెండుసార్లు రక్తం శుభ్రం చేయించుకుంటే తప్ప బతకని మనిషి ఊళ్లు పట్టుకుని తిరుగుతాడా? రానివాడు ఇక రాడు. ఆ ముక్క బల్ల మీద అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

అందుకే లోపలి మనిషి ఎవరైనా ఆలస్యం చేస్తే బల్లంతా చప్పబడిపోతుంది. గడియారం చూస్తారు, పాదాలు చూసుకుంటారు, మళ్లీ గడియారం చూస్తారు. ఇంతలో ఆ మనిషి వగరుస్తూ వచ్చాడా, అందరూ ఒక్కసారే "రండి, రండి" అని కేకలు పెడతారు. పెళ్లివారికి కూడా అంత మర్యాద జరగదు.

ఆ రోజు బల్ల మీద మొదటి చోటు జరగండక్కది. తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదది. సిటీబస్సులో కండక్టరుగా చేరిన నాటి నుంచి "జరగండి, జరగండి, లోపల బోలెడు చోటుంది, లోపలికి జరగండి" అని గొంతు చించుకుని సంపాదించుకున్న పేరు. ఇద్దరి సీట్లో ముగ్గుర్ని కుదించి, దిగేలోపు ఆ ముగ్గుర్నీ చుట్టాల్ని చేసేసేది. స్టాపులో ఒక్కరిని వదిలేసి బస్సు కదిలిందంటే ఆ పూట ఆమెకు అన్నం సహించేది కాదు. ఆసుపత్రి బల్ల మీదా అదే తంతు. ఎవరొచ్చినా అందరినీ జరిపి, చోటు చేసి, కూర్చోబెట్టిగానీ ఊరుకోదు.

మూల మంచం టైలర్ మాస్టారు ఇంకా రాలేదు. సిస్టర్ తలుపు సందులోంచి తల బయటపెట్టి, "ఇంకాసేపు చూసి మిమ్మల్నే పిలుస్తానక్కా," అని వెళ్లిపోయింది. జరగండక్కకు కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. ముందు రోజంతా ఊపిరి ఆడక మూడు దిండ్లు పెట్టుకుని కూర్చుంది. గడియారం చూసింది. ముల్లు కదిలింది. మాస్టారు రాకపోతే బాగుండు అనుకుంది. అనుకున్నాక ఉలిక్కిపడింది. తన మనసు మీద తనకే రోత పుట్టింది.

అంతలోనే మాస్టారు మెట్ల దగ్గర కనిపించాడు, గోడ పట్టుకుని, ఎగశ్వాసతో. "రండి మాస్టారూ, రండి రండి!" అందరికంటే గట్టిగా అరిచింది ఆమే. ఆయన తలుపు దగ్గర ఆగి, "ఏమనుకోకక్కా, వచ్చేశాను," అన్నాడు. అందులో వెటకారం లేదు. ఆయనా ఒకప్పుడు ఆ బల్ల మీద కూర్చున్నవాడే, అందుకని నిజంగానే నొచ్చుకున్నాడు. జరగండక్కకు తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నం రెండయ్యాక ఆ రోజుకి పిలుపు లేదని తేలింది. సిస్టర్ మిషన్లన్నీ ఆపి, ఒక్కోదానికీ దుప్పటి కప్పి, గదికి తాళం వేసింది. రోజూ అంతే. సాయంత్రం నడపడానికి మనుషులు లేరు, నియామకాల ఫైలు పైన ఎక్కడో ఉంది. ఎంత పైన అని అడిగితే సిస్టర్ కప్పు వైపు చూపిస్తుంది.

ఇంటికొచ్చి జరగండక్క కాళ్లయినా కడుక్కోకుండా, "అమ్మాయ్, నువ్వు చదివిన చదువు నాకేమైనా అక్కరకొస్తుందా, లేక ఊళ్లోవాళ్ల ప్రహరీగోడ తగాదాలకేనా?" అని మరదల్ని నిలదీసింది.

మరదలంటే తమ్ముడి భార్య. హైకోర్టులో లాయరు. సీనియర్ల ఫైళ్లు మోసి మోసి ఒక భుజం కిందికి వాలిపోయిందని వదిన ఎప్పుడూ ఆటపట్టిస్తుంది. తమ్ముడు ఎలక్ట్రీషియన్. అమ్మానాన్నలు పోయేనాటికి వాడు లాగులేసుకుని తిరుగుతున్నాడు. అక్కే కండక్టరు ఉద్యోగంలో చేరి వాడిని పెంచింది, చదివించింది, పెళ్లి చేసింది. ఈ జబ్బు వచ్చిన కొత్తలో వాడు ప్రైవేటులో డయాలసిస్ చేయించాడు. ఇంట్లో అమ్మడానికి ఏమైనా మిగిలున్నంతవరకు చేయించాడు. ఆ తర్వాత పెద్దాసుపత్రి బల్లే గతయింది.

"అక్కరకొస్తుంది వదినా," అంది మరదలు. "నేనే అడుగుదామనుకుంటున్నాను, మీరు కోర్టంటే కోప్పడతారేమోనని ఆగాను. రాజ్యాంగంలో జీవించే హక్కని ఉంది కదా, ఆరోగ్యం లేకుండా ఆ హక్కుకి అర్థమే లేదని కోర్టులు ఎప్పుడో చెప్పాయి. దేశాలన్నీ కలిసి రాసుకున్న ఒడంబడిక కూడా ఉంది. మనిషికి అందగలిగినంత మంచి ఆరోగ్యం ప్రతి ఒక్కరి హక్కు అని అందులో ఉంది. మన ప్రభుత్వం దానిమీద సంతకం పెట్టింది."

"సంతకం పెట్టినాయన మా బల్ల మీద ఓ పూట కూర్చున్నాడా?"

"కూర్చోలేదు కాబట్టే మనం వెళ్లాలి," అంది మరదలు.

పిటిషన్ వేసింది. ఒళ్లు దాచుకోకుండా తిరిగింది, తిట్లు తింది, పెద్ద సీనియర్ని బతిమాలి సలహా తీసుకుంది. జడ్జిగారు పెద్దావిడ, మాట పొదుపు. ప్రభుత్వ లాయరు చెప్పింది విని, డాక్టరు రిపోర్టు చదివి, వచ్చే సోమవారం నుంచి పిటిషనర్‌కి క్రమం తప్పకుండా డయాలసిస్ చేయాలని ఆసుపత్రిని ఆదేశించింది. తమ్ముడు కోర్టు మెట్ల మీదే భార్య బ్యాగు లాక్కుని తన భుజాన వేసుకున్నాడు. ఇంటికి చేరేవరకు ఎదురుపడ్డ ప్రతివాడికీ "మా ఆవిడే వాదించింది" అని చెప్పాడు. అడగనివాళ్లకి కూడా చెప్పాడు.

సోమవారం జరగండక్కకు మూల మంచం ఇచ్చారు. మాస్టారికి ఇంకో మంచం ఇచ్చి ఉంటారనుకుంది. గురువారం మళ్లీ అదే. పొంగిన కాళ్లు తగ్గాయి, నాలుకకి ఉప్పూ కారం తెలిశాయి. ఒక్క దిండు మీద వెల్లకిలా పడుకుని తెల్లారేదాకా నిద్రపోయింది. పొద్దున్నే లేచి మరదలి వంటకి వంకలు పెట్టింది. ఆ వంకలు విని తమ్ముడికి కళ్లనీళ్లు తిరిగాయి. అక్క బతికి బట్టకట్టిందని నమ్మకం కుదిరింది.

ఆ పై సోమవారం బస్సు దారిలో చెడిపోయింది. ఇంకో బస్సు పట్టుకుని, వరండాలోకి రొప్పుతూ వచ్చేసరికి బల్లంతా గడియారం చూస్తోంది. ఆమెను చూడగానే "రండి, రండి" అని ఒక్కసారే లేచింది కేక. అందరికంటే గట్టిగా అరిచినవాడు బల్ల మీద మొదటి చోట్లో ఉన్నాడు. టైలర్ మాస్టారు.

ఆమె తలుపు వైపు వెళ్లకుండా ఆయన ముందు ఆగింది. "మీరిక్కడేంటి మాస్టారూ?"

"ఏముందిలే అక్కా, అటూ ఇటూ మార్చారు," అన్నాడాయన, ఎటో చూస్తూ. మొహం ఉబ్బి కళ్లు చిన్నవైపోయాయి. మోకాళ్ల మీద పెట్టుకున్న చేతివేళ్లు అరటిపళ్లలా ఉన్నాయి. ఆ వేళ్లతో సూది పట్టుకోలేడు.

"ఆలస్యమైంది, త్వరగా రండి," అని సిస్టర్ ఆమె రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. సూదులు గుచ్చి, గొట్టాలు బిగించి, మిషన్ మీట నొక్కాక జరగండక్క ఆమె చెయ్యి పట్టుకుంది.

"సిస్టరమ్మా, మాస్టారికి వేరే మంచం ఇవ్వలేదా?"

సిస్టర్ విసుక్కుంది. "కోర్టు కాగితం వచ్చింది కదక్కా. మిమ్మల్ని ఎక్కించమని సూపరింటెండెంట్ గారు అన్నారు. కొత్త మంచం ఆకాశంలోంచి ఊడిపడుతుందా? ఖాయమైనవాళ్లలో అందరికంటే ఆఖర్న చేరింది మాస్టారు. ఆయన్ని లేపి మిమ్మల్ని పెట్టాం. నేనేం చేయను, చెప్పండి?"

"ఆపు ఇది. నేను దిగుతాను."

"దిగుతారా? మీ రక్తం సగం గొట్టాల్లో ఉంది. గొడవ చేయకుండా పడుకోండి."

పడుకుంది. పడుకోక చేసేదేముంది? మిషన్ తన పని తను చేసుకుపోతోంది, ఒళ్లు తేలికవుతోంది, ఒళ్లు తేలికైనకొద్దీ మనసులో బరువు పెరుగుతోంది. టికెట్ తీసుకుని కూర్చున్న మనిషిని లేపి ఇంకొకరిని కూర్చోబెట్టిన పాపాన ఆమె ఎన్నడూ పోలేదు. ఒకసారి పోలీసాయన తన సామాను కోసం సీటు ఖాళీ చేయించమంటే, సామానుతో సహా ఆయన్నే దింపేసిన మనిషి. అలాంటిది ఇప్పుడు మాస్టారు ఊపిరి మీద తను పడుకుని ఉంది. నాలుగు గంటలయ్యాక బయటికొస్తే బల్ల ఖాళీగా ఉంది. మాస్టారు పిలుపు లేకుండానే ఇంటికెళ్లిపోయాడు.

"మళ్లీ కోర్టుకి పోవాలి," అంది ఇంట్లో అడుగుపెడుతూనే. జరిగింది చెప్పింది.

మరదలు చేతిలోని ఫైలు కింద పెట్టింది. "తప్పు నాదే వదినా," అంది. "సాయంత్రం కూడా ఆ గది తెరవాలి, అవసరమున్న అందరికీ చేయాలి అని మొదట రాశాను. మా సీనియర్ గారు చూసి కొట్టేయమన్నారు. అలా అడిగితే అది ప్రభుత్వ విధానం, మాకు సంబంధం లేదని కోర్టు తోసేస్తుందన్నారు. మీ వదిన ఒక్కదాని కోసం అడుగు, త్వరగా వస్తుందన్నారు. మీ కాళ్లు చూశాను. ఆ రెండు వాక్యాలూ నా చేత్తోనే కొట్టేశాను."

"నన్ను బతికించాలనే కదా, నిన్నేం అననులే. కానీ ఇప్పుడు ఆ రెండు వాక్యాలూ మళ్లీ రాయి."

"రాస్తే ఇచ్చిన ఆర్డరు కూడా పోవచ్చు. అప్పుడు మీరు మళ్లీ బల్ల మీదకి..."

"పోతే పోయింది. జరిగి కూర్చుంటాను."

అంతవరకు గుమ్మంలో నిలబడి వింటున్న తమ్ముడు చేతిలోని టెస్టర్ని నేలకేసి కొట్టాడు. "ఎవరికోసం అక్కా? ఆ మాస్టారు నీకేమవుతాడు? లోకంలో రోగులందరి బరువూ నీ నెత్తిమీదే ఉందా?" భార్య వైపు తిరిగి వేలు చూపించాడు. "నువ్వు గనక ఆ కాగితం రాశావో, మా అక్కని నువ్వే చంపినట్టు."

"ఒరేయ్," అంది జరగండక్క, నెమ్మదిగా. "మొన్న ఆ బల్ల మీద కూర్చుని, మాస్టారు రాకపోతే బాగుండు అనుకున్నాన్రా. రాకపోతే అంటే ఏంటో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన చావు కోరుకున్నాను. అంత దిగజారి బతకమంటావా? ఆ గది తాళం తీస్తే చాలురా, ఎవరి చావూ ఎవరూ కోరుకోనక్కర్లేదు. తీయించకుండా నేను వదలను. నీ పెళ్లాన్ని ఏమైనా అన్నావంటే ముందు నా చేతి దెబ్బలు తినాలి."

తమ్ముడు ఆ రోజు నుంచి భార్యతో మాట మానేశాడు. ఏం కావాలన్నా గోడకు చెప్పేవాడు, గోడ నుంచి ఆమె వినేది. మరదలు మాత్రం కాగితం రాసింది.

జడ్జిగారు ఆ కాగితం చదివి కళ్లజోడు తీసింది. పిటిషనర్ వచ్చారా అని అడిగింది. జరగండక్క లేచి నిలబడింది.

"మీరు అడిగింది మీకిచ్చాం. ఇప్పుడు మీ బాధేమిటి?"

"ఇచ్చింది మీరేనమ్మా, కాదన్ను. కానీ నాకిచ్చింది ఇంకొకాయన మంచం. ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి నన్ను ఎక్కించారు. నాకున్న హక్కే ఆయనకీ ఉంది కదమ్మా."

జడ్జిగారి మొహం ఎర్రబడింది. కోపం ఆమె మీద కాదు. "కొత్త మంచం ఇవ్వకుండా ఉన్న రోగిని దింపారా?" అని ప్రభుత్వ లాయర్ని అడిగింది. ఆయన, ఆదేశం పాటించామండీ, పాటించడానికి మరో మార్గం లేదండీ అన్నాడు. జడ్జిగారు మళ్లీ జరగండక్క వైపు తిరిగింది.

"సాయంత్రం షిఫ్టు సంగతి వింటాను. ప్రభుత్వం జవాబు రావాలి, దానికి సమయం పడుతుంది. ఇంకొకరిని దింపి ఎక్కించారని మీరే చెప్పాక, పాత ఆదేశాన్ని నేను అలాగే ఉంచలేను. ఆయన మంచం ఆయనకి పోతుంది. తేలేవరకు మీ పరిస్థితి ఏమిటో అర్థమైందా? అత్యవసరమైతే చేర్చుకోవాలని మాత్రం చెప్పగలను."

కోర్టు హాలు వెనక బెంచీలో తమ్ముడు తల పట్టుకున్నాడు. చావంటే జరగండక్కకు భయం లేకపోలేదు, బోలెడంత ఉంది. మళ్లీ మూడు దిండ్లు, మళ్లీ ఆ ఊపిరాడని రోజులు, అన్నీ కళ్లముందు కదిలాయి.

"అర్థమైందమ్మా," అంది. "ఆయన మంచం ఆయనకి ఇచ్చేయండి."

ఆ తర్వాతి రోజుల గురించి దాచేదేముంది? నరకం చూసింది. మంచినీళ్లు గుక్కలు లెక్కపెట్టుకుని తాగింది, దాహమేస్తే తడిగుడ్డ పెదాలకి అద్దుకుంది. రోజూ ఉదయం బల్ల మీదకి వెళ్లి కూర్చునేది. ఎప్పుడో ఒకసారి పిలుపొచ్చేది. పిలుపొచ్చిన రోజు లోపలికి వెళ్తూ, ఎవరు రాలేదని సిస్టర్ని అడిగేది కాదు. ప్రభుత్వ లాయరు వాయిదా అడిగాడు, మళ్లీ వాయిదా అడిగాడు. వాయిదా అన్న మాట విన్నప్పుడల్లా మరదలు పళ్లు కొరుక్కునేది.

మాస్టారు మంచం మీదకి తిరిగొచ్చిన రోజు సంగతంతా సిస్టర్ నోటి నుంచి విన్నాడు. డయాలసిస్ అవగానే నేరుగా బల్ల దగ్గరికొచ్చి జరగండక్క మీద విరుచుకుపడ్డాడు.

"ఎవరడిగారమ్మా నిన్ను? నీ మంచం నాకిమ్మని నేనొచ్చి నీ కాళ్లు పట్టుకున్నానా? రేపు నీకేమైనా అయితే ఆ మంచం మీద నాకు నిద్రపడుతుందా?"

"నాకు పట్టలేదుగా, మీకు మాత్రం ఎందుకు పట్టాలి?" అంది ఆమె. "తిట్టడానికి ఓపికుంటే మా మరదలి దగ్గరికెళ్లి పిటిషన్లో చేరండి. నేనొక్కదాన్నే అడిగితే నా ఒక్కదానికే అనుకుంటున్నారు."

మాస్టారు చేరాడు. ఆయన చేరాడని తెలిసి బల్లంతా చేరింది. ఇక లోపల మంచాల మీదున్నవాళ్లు ఆలోచించారు. ఉన్న మంచానికి ఎసరొస్తుందేమోనని వాళ్ల భయం వాళ్లది, తప్పుపట్టడానికేమీ లేదు. కానీ ఒకప్పుడు ఆ బల్ల మీద కూర్చోనివాళ్లు ఆ గదిలో ఎవరున్నారు? ఒకరి తర్వాత ఒకరు వాళ్లూ వచ్చారు. సిస్టర్ మాత్రం ఉద్యోగం పోతుందని చేరలేదు, అందరి కాగితాలూ పట్టుకుపోయి మరదలికి అందజేసింది.

వాదనల రోజుకి రెండు రోజుల ముందు జరగండక్క ఇంట్లో పడిపోయింది. తమ్ముడు ఎత్తుకుని పరిగెత్తాడు. ఎమర్జెన్సీలో చేర్చుకుని డయాలసిస్ చేశారు. కళ్లు తెరిచాక ఆమె అడిగిన మొదటి మాట వాదన ఎప్పుడని. వెళ్లొద్దన్నారు. ఎవరి మాట విందని? కోర్టులో గోడకి ఆనుకుని కూర్చుంది, పక్కన మాస్టారు, వెనకాల బల్ల మొత్తం.

ప్రభుత్వ లాయరు తెలివైనవాడు, నిదానంగా వాదించాడు. "ఒడంబడికలోనే రాసి ఉంది, అందుబాటులో ఉన్న వనరుల మేరకు అని. కాచుకున్నవాళ్లు కొద్దిమందే. ఆ కొద్దిమంది కోసం ఒక షిఫ్టు నడపడం భారం. ఏది ముందు చేయాలో నిర్ణయించే పని ప్రభుత్వానిది."

మరదలు లేచింది. "వనరుల మేరకు అన్నారు, అదే నా వాదన కూడా. మిషన్లు కొన్నారు, గది కట్టారు, నీళ్లు, కరెంటు ఇచ్చారు. మధ్యాహ్నం రెండింటికి వాటి మీద దుప్పటి కప్పుతున్నారు. నిజంగా లేక ఇవ్వలేదంటే అది వేరు. ఉన్నదానికి తాళమేసి లేదంటే అది లేమి కాదు. అన్నీ ఒక్కరోజే చేయమని ఒడంబడిక అడగదు, ఒక్కో అడుగూ వేస్తూ ముందుకు పొమ్మంటుంది. ఈ అడుగు ఎందుకు వేయలేదో చెప్పాల్సిన బాధ్యత ప్రభుత్వానిది, రోగులది కాదు. నియామకాల ఫైలు ఎక్కడుందో ఇప్పటిదాకా చెప్పలేకపోయారు. ఇంకొక మాట. ఒక్క మనిషికి హక్కు ఇమ్మని అడిగి నేను ఇంకొకరి హక్కు తీసేశాను. ఆ తప్పు మళ్లీ జరగకుండా ఉండాలంటే ఆదేశం అందరికీ వర్తించాలి."

జడ్జిగారు చాలా ప్రశ్నలు వేసింది, ఇద్దరినీ వదల్లేదు. చివరికి తీర్పు చెప్పింది. కాంట్రాక్టు మీదైనా సిబ్బందిని పెట్టి సాయంత్రం షిఫ్టు మొదలుపెట్టాలి. డయాలసిస్ కావాలని డాక్టరు తేల్చిన ప్రతి మనిషికీ వేళ ఖాయం చేయాలి. ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది రోగి పరిస్థితి చూసి డాక్టరే నిర్ణయించాలి. సిఫార్సులు చెల్లవు, ఈ కేసు వేసినవాళ్లమన్న సిఫార్సు కూడా చెల్లదు.

షిఫ్టు మొదలయ్యేసరికి కాస్త సమయం పట్టింది. ఆలోగా జరగండక్క ఇంకోసారి ఎమర్జెన్సీ గుమ్మం తొక్కింది. ఎలాగో నిలదొక్కుకుంది.

మొదటి సాయంత్రం తమ్ముడు, మరదలు చెరో పక్కా పట్టుకుని ఆమెను వరండాలోకి తీసుకొచ్చారు. వచ్చి ముగ్గురూ నిలబడిపోయారు. బల్ల నిండిపోయింది. నేల మీద, మెట్ల మీద, కిటికీ గట్టు మీద మనుషులే మనుషులు. ఉబ్బిన మొహాలు, మోసుకొచ్చినవాళ్లు, చాపమీద పడుకోబెట్టినవాళ్లు.

"ఇంతమంది ఎక్కడ్నుంచి వచ్చారక్కా?" అన్నాడు తమ్ముడు.

"ఇళ్లలోంచేరా. చోటు లేదన్నారు, రావడం మానుకున్నారు. కొద్దిమందే అని ఆ ప్లీడరు గారు చెప్పింది వీళ్లని చూడకుండా." అలవాటుగా బల్ల దగ్గరికెళ్లి, "జరగండమ్మా, జరగండి, ఆ పాపని కూర్చోనివ్వండి," అంది.

కిడ్నీ డాక్టరు ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చింది. ఊపిరి చూసింది, కాళ్లు నొక్కింది, రిపోర్టులు చదివింది. జరగండక్క దగ్గర ఆగి, "మీరు మొన్ననే ఎమర్జెన్సీలో చేయించుకున్నారు కదా, ఈ పూటకి ఫరవాలేదు. మీకు రేపు," అని చెప్పి, చాప మీద పడుకున్న ఒక అమ్మాయిని లోపలికి తీసుకెళ్లమంది. ఆ అమ్మాయిని వాళ్లెవరూ ఎప్పుడూ చూడలేదు.

తమ్ముడికి అరికాలి మంట నెత్తికెక్కింది. "రేపేంటండీ? కేసు వేసింది మేము! చావు అంచుదాకా వెళ్లొచ్చింది మా అక్క!" డాక్టరు అప్పటికే ముందుకెళ్లిపోయింది. వాడు గిర్రున భార్య వైపు తిరిగాడు. "ఏమే, అసలు ఏం రాయించావు నువ్వందులో?"

ఇన్నాళ్లలో వాడు ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది.

"ఇదే రాయించాను," అంది ఆమె. అనేసి ఏడ్చేసింది.

జరగండక్క ఇద్దరినీ చూసి నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక సిస్టర్ని పిలిచి, "రేపు ఎన్నింటికి రావాలమ్మా?" అని అడిగింది.

"నాలుగింటికి. మూడో మంచం."

"ఎవరైనా రాకపోతేనా?"

సిస్టర్ తల అడ్డంగా ఊపింది. "అందరూ వస్తారక్కా. మూడో మంచం ఇక మీకే."

జరగండక్క ఆ మాటని మనసులో రెండుసార్లు అనుకుంది. రేపు ఆమె డయాలసిస్ మంచం ఎక్కడానికి ఎవరూ చచ్చిపోనక్కర్లేదు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, మరదల్ని కళ్లు తుడుచుకోమని కసిరి, మెట్లు దిగింది.